ఊరందరూ అనుమానితులే: ఒక చిన్న ఊరి హత్యా నవల, పాఠకుల తీర్పులు

హత్యాకథను చదువుతూ హాయిగా నిద్రలోకి జారుకొనేవారు ప్రపంచమంతటా ఉన్నారు. పత్రికలో హత్యావార్త చదివి కలవరపడే గృహస్థే, మధ్యాహ్న భోజనానంతరం హత్యానవల తెరిచి మనశ్శాంతి పొందుతాడు. ఇది ఆలోచించదగిన విషయము. ఇందులో పాఠకునికి దొరికే సుఖ మేమిటి? ఆ సుఖము మన ఊళ్లకు, అందులోనూ మా కర్నూలు, కడప సీమకు అచ్చివస్తుందా? ఈ వ్యాసంలో విచారింపబూనిన ప్రశ్న ఇదే.

ఈ జాతి నవలకు ఇంగ్లీషువారు "కోజీ" అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. చలిదేశంలో నిప్పుగూటి దగ్గర కాళ్లు ముడుచుకొని, వెచ్చగా కూర్చుని చదువుకొనేదని దాని భావం. మా సీమలో వెచ్చదనానికి కొదువ లేదు, కొదువ నీడకే. కనుక మన భాషలో దీనిని "నీడపట్టు నవల" అనుకొంటే సరిపోతుంది. దాని లక్షణాలు స్థూలంగా ఇవి: ఊరు చిన్నది. పది పదిహేను కుటుంబాలు. హత్య తెరచాటున జరుగుతుంది. నెత్తురు పుటల మీద చిందదు. పరిశోధించేవాడు తరచుగా పోలీసు ఉద్యోగి కాడు. ఊరి మనుషుల నెరిగిన ఒక ముసలమ్మయో, ఊరికి కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషియో. కడపట అందరినీ ఒకచోట కూర్చోబెట్టి నిజం చెప్పడం, ఊరు మళ్లీ కుదుటపడడం. ఇంతే కథ.

పాఠకులు తగవులాడుకొన్న నవల

ఇట్టి నవలలలో పాఠకులు రెండు పక్షాలుగా చీలి వాదించుకొన్న ఒక పుస్తకాన్ని నిదర్శనంగా తీసికొందాము. 1926లో వెలువడిన అగాథా క్రిస్టీ నవల "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్". కింగ్స్ ఆబట్ అనే కల్పిత గ్రామంలో ఒక ధనికుడు తన గదిలో కత్తిపోటుకు గురై చనిపోతాడు. పరిశోధన వృత్తి మానుకొని, పెరట్లో సొరజాతి కాయలు పండించుకొంటూ ఆ ఊరిలోనే కాలక్షేపం చేస్తున్న పోయిరో మళ్లీ పనికి పూనుకొంటాడు. కథ చెప్పేది ఆ ఊరి వైద్యుడు. ఆయన అక్క కారొలైన్ ఇల్లు కదలకుండానే ఊరి సమాచారమంతా సేకరించగల దిట్ట. పాలవాడు, పనిమనిషి, పొరుగింటి వంటమనిషి, వీరే ఆమెకు వార్తాహరులు.

ఈ నవల ముగింపు ఇక్కడ చెప్పబోవడం లేదు. చదవనివారి సుఖాన్ని చెడగొట్టే హక్కు విమర్శకునికి కూడ లేదు. ఆ ముగింపు చదివిన పాఠకులలో కొందరు "ఇది మోసం, రచయిత్రి మాకు అన్యాయం చేసినది" అన్నారు. మరికొందరు "ఇంతకు మించిన నేర్పు లేదు" అన్నారు. అపరాధ పరిశోధక రచయిత్రి డొరొతీ సేయర్స్ క్రిస్టీ పక్షాన నిలిచారు. ప్రతి ఒక్కరినీ అనుమానించడమే పాఠకుని పని. ఆ పని అతడు చేయకపోతే దోషం రచయితది కాదని ఆమె వాదన. ఆ ముగింపు ఊహను క్రిస్టీకి సూచించినవారిలో ఒకరు లార్డ్ లూయీ మౌంట్‌బాటన్. తరువాత మన దేశానికి కడపటి వైస్రాయిగా వచ్చినవాడు ఆయనే. ఆ విషయం క్రిస్టీ తన ఆత్మకథలో చెప్పుకొన్నారు.

ఆ సంవత్సరమే మరొక వింత జరిగినది. 1926 డిసెంబరు 3వ తేదీ రాత్రి క్రిస్టీ తన ఇంటినుండి అదృశ్యమయినారు. పదకొండు దినాలు దేశమంతా వెదికినది. వేలకొలది ప్రజలు పొదలు, చెరువులు గాలించారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ ఆమె చేతితొడుగును ఒక సోదెకానికి చూపించాడు. తుదకు హారొగేట్ పట్టణంలోని ఒక హోటలులో ఆమె క్షేమంగా కనిపించారు. పాఠకులందరూ అపరాధ పరిశోధకులై, రచయిత్రినే కథావస్తువుగా చేసికొన్న సందర్భమిది.

తగవు ఫలితంగా నియమాలు పుట్టాయి. 1928లో అమెరికాలో వాన్ డైన్ ఇరువది సూత్రాలు రాశాడు. 1929లో ఇంగ్లండులో రొనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు "పది ఆజ్ఞలు" ప్రకటించాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి; దైవశక్తులతో చిక్కు విప్పకూడదు; పరిశోధకునికి దొరికిన ఆధారాలు పాఠకునికీ చూపాలి. వీటి సారాంశమంతా ఒక్కటే: పాఠకుడు కథకు బయట కూర్చున్న శ్రోత కాడు, ఆటలో ఎదుటి పక్షం. అతనికి న్యాయం చేయాలి. 1930లో లండనులో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్బులో చేరే రచయితలు ఈ అర్థంలో ప్రమాణం కూడ చేసేవారు.

మెచ్చనివారు, మానలేనివారు

అందరూ మెచ్చలేదు. 1944లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ "న్యూయార్కర్" పత్రికలో, జనులు ఈ నవలలు ఎందుకు చదువుతారో తనకు బోధపడలేదని రాశాడు. వెంటనే పాఠకుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. "మీరు చదివినవి మంచివి కావు, ఇవి చదవండి" అని సలహాలు. ఆయన వాటినీ చదివి, 1945లో మరొక వ్యాసం రాశాడు. రోజర్ ఆక్రాయిడ్‌ను ఎవరు చంపితే ఎవరికి కావాలి? అనునదే దాని శీర్షిక. రేమండ్ చాండ్లర్ అనే నవలాకారుడు 1944లోనే మరొక ఆక్షేపణ తెచ్చాడు. పూలతోటలు, టీ విందులు ఉన్న ఈ కథలలోని హత్యలు కేవలం పొడుపుకథలు. నిజమయిన నేరం వీధులలో, కారణంతో, కసితో జరుగుతుందని ఆయన మాట.

వీరికి సమాధానమా అన్నట్లు 1948లో ఆడెన్ అనే కవి ఒక వ్యాసం రాశాడు. తనకు ఈ నవలలు పొగాకు వంటి వ్యసనమని ఆయన దాచుకోలేదు. ఒకటి మొదలుపెడితే ముగించేదాకా పని సాగదట. ముగించిన తరువాత కథ మరచిపోతాడట. కథ పల్లెటూరిలో జరగకపోతే చదవడమే కష్టమట! దానికి ఆయన చెప్పిన కారణం లోతైనది. నిర్దోషమయిన ఊరు ఒకటి ఉన్నదని పాఠకుడు నమ్మగోరుతాడు. ఆ ఊరిలో హత్య జరగగానే అందరిమీదా మచ్చ పడుతుంది. ఒక్కని దోషం బయటపడగానే మిగిలినవారందరూ శుద్ధులవుతారు. అనగా పాఠకుడు కోరేది హంతకుని పేరు కాదు, తక్కినవారి నిర్దోషిత్వం.

తగవు ఇంకా ముగియలేదు. 1998లో పియేర్ బయార్ అనే ఫ్రెంచి ఆచార్యుడు ఏకంగా ఒక గ్రంథమే రాసి, పోయిరో పొరపాటుపడ్డాడని, అసలు హంతకుడు వేరని వాదించాడు. 2013లో బ్రిటను నేరకథా రచయితల సంఘం తన సభ్యులచేత ఓట్లు వేయించగా, అత్యుత్తమ నేరనవలగా ఎన్నికయినది ఈ "ఆక్రాయిడ్"ఏ. ఎనుబది ఏడేండ్ల తరువాత ఇచ్చిన తీర్పు అది.

మనవారి పరిశోధన

తెలుగువారికి ఇది కొత్త రుచి కాదు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నాడు" అన్న సామెత ఒక్క వాక్యంలో సంపూర్ణమయిన అపరాధ పరిశోధక కథ. అందులో నేరం ఉన్నది, అనుమానితులు ఉన్నారు, దొంగచేతనే ఒప్పించిన యుక్తి ఉన్నది. మర్యాదరామన్న తీర్పులు మరేమిటి? పత్తి వ్యాపారులు నలుగురు కలిసి పిల్లిని కొని, తలకొక కాలు పంచుకొన్నారు. ఒకని వంతు కాలికి దెబ్బ తగిలి, కట్టిన నూనెగుడ్డకు నిప్పంటుకొని, పిల్లి పరుగెత్తి పత్తి బేళ్లు తగులబడినవి. ముగ్గురూ నాలుగవవాని మీద ఫిర్యాదు చేశారు. కుంటికాలు పరుగెత్తదు గదా, పిల్లిని పత్తిలోకి మోసినవి మీ మూడు కాళ్లే అని రామన్న తీర్పు. ఆదోని పత్తి మార్కెట్టు నెరిగినవారు ఈ కథకు నవ్వకుండా ఉండలేరు. ఆధారం అందరి కళ్లెదుటే ఉన్నది, చూచినవాడు ఒక్కడే. క్రిస్టీ విద్యా అదే.

అచ్చుపుస్తకాల కాలంలో అపరాధ పరిశోధక నవల మనకు మొదట వంగదేశం మీదుగాను, ఇంగ్లీషునుండియు వచ్చినది. తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు తెలుగు ఇండ్లలో బంధువుల వంటివారయినారు. "చీకటికి వేయి కళ్ళు", "ఉరితాడు" వంటి పేర్లు వినగానే ఒక తరం పాఠకులకు అద్దె పుస్తకాల దుకాణాలు, రైల్వే స్టేషను పుస్తకాల అంగడి జ్ఞాపకం వస్తాయి. పాఠ్యపుస్తకం నడుమ దాచిపెట్టి చదివినవారు, వారిని పట్టుకొని మందలించి, రాత్రి తాము అదే పుస్తకం పూర్తిచేసిన తండ్రులు, ఉభయులూ ఆ పాఠకలోకంలోనివారే.

అయితే యుగంధర్ నివాసం మద్రాసు. కారు, టెలిఫోను, హోటళ్లు, విశాలమయిన రోడ్లు, ఇవి ఆ నవలల సరంజామా. మన చిన్న ఊరు అందులో చాలవరకు రైలు దిగి వచ్చే బాధితుని స్వస్థలం మాత్రమే. హత్య పట్నంలోనే జరగాలి, తెలివి పట్నంలోనే ఉండాలి అన్నట్లు సాగినది మన అపరాధ పరిశోధన.

కల్లూరులో అయితే?

ఇక మన ఊరి మాట. హంద్రీ నదికి ఆవల పాత కర్నూలు, ఈవల కల్లూరు. నేడు కల్లూరు కర్నూలు నగరంలో కలిసిపోయినా ఊరితనం పోలేదు. ఏడాదిలో చాలకాలం ఇసుక తేలి కనిపించే ఈ హంద్రీయే, 2009 అక్టోబరులో తుంగభద్రతో కలిసి కర్నూలును ముంచెత్తినది. ఉగాది పండుగకు ఇక్కడి చౌడేశ్వరీదేవి గుడి చుట్టూ బురద చేసి, ఆ బురదలో గాడిదలచేత, బండ్లచేత ప్రదక్షిణ చేయిస్తారు. ఊరుఊరంతా ఒక్కచోట చేరి, అందరి కాళ్లకూ ఒకే బురద అంటిన ఆ దినాన ఒక ఇంట నేరం జరిగితే, పాదముద్రలు వెదకబోయిన పరిశోధకుని గతి ఏమి కావాలి? ఏ ఆంగ్ల రచయితకూ దొరకని మొదటి అధ్యాయం ఇక్కడ సిద్ధంగా ఉన్నది.

సీమ పాతయిండ్ల మాట తీసికొనండి. ఒకదానినొకటి ఆనుకొన్న మట్టిమిద్దెలు; వేసవి రాత్రులు మిద్దెమీద పడకలు; పైకప్పులో వెలుతురుకు, పొగకు విడిచిన గవాచి. తలుపు లోపల గడియ వేసియున్నది, లోపల మనిషి చనిపోయి యున్నాడు, హంతకుడు ఎట్లు వెలుపలికి పోయినాడు? ఈ చిక్కు కోసం పాశ్చాత్యులు గొలుసులు, దారాలు, మంచుగడ్డలు కల్పించి అలసిపోయారు. మనకు గవాచి చాలును. ఆ గవాచిలోనుండి మనిషి దూరగలడా, చిన్నపిల్లవాడు మాత్రమే దూరగలడా అన్న మీమాంసతో ఒక నవల నడుస్తుంది.

కాలనిర్ణయానికి గోడ గడియారం అక్కరలేదు. కుళాయికి నీళ్లు వచ్చిన వేళ, ట్యాంకరు వచ్చిన వేళ, ఉగ్గాని బజ్జీల అంగడి తెరిచిన వేళ, ఇవి ఊరందరికీ కంఠస్థం. నీళ్లు వచ్చిన వేళ బిందెతో రాని మనిషిని గూర్చి వీధి వీధంతా ఆలోచిస్తుంది. కారొలైన్ మనకు అరువు తెచ్చుకోవలసిన పాత్ర కానే కాదు. అరుగుమీద కూర్చుని, పోయే వచ్చే వారిని "ఎవరింటి బిడ్డవు నాయనా" అని పలకరించే అవ్వ ప్రతి వీధిలోను ఉన్నది. ఆమెకు తెలియనిది ఊరిలో జరగదు. ఆమె నెవరూ సాక్షిగా పిలువరు. నీడపట్టు నవల చేసిన గొప్ప పని, ఆ అవ్వ మాటను విలువగల సాక్ష్యంగా స్వీకరించడం.

అసలు ఆక్షేపణ

ఇంతవరకు బాగున్నది. కాని మా సీమ పాఠకుడు ఇక్కడ ఒక ఆక్షేపణ తేగలడు. అది విల్సన్ ఆక్షేపణ కంటె బరువయినది. "అయ్యా, కింగ్స్ ఆబట్‌లో హంతకుడు ఎవరో ఎవరికీ తెలియదు, అందరూ మాట్లాడుతారు. కక్షలు రేగిన మా పల్లెలలో హంతకుడు ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మాకు పోయిరోతో పనేమి?"

ఈ మాటను తేలికగా తోసివేయరాదు. ముఠాకక్షలు నెత్తురు పారించిన గ్రామాలలో ప్రశ్న "ఎవరు?" అన్నది కాదు, "చెప్పేది ఎవరు?" అన్నది. పట్టపగలు చూచినవాడు న్యాయస్థానంలో చూడలేదంటాడు. అతడు అబద్ధాలకోరు కానక్కరలేదు. సాయంకాలం అదే ఊరికి, అదే వీధికి తిరిగి పోవలసినవాడు. అతని పొలానికి దారి ఎదుటివాని పొలం మీదుగా ఉన్నది. నాక్స్ పది ఆజ్ఞలలో ఈ దారిని గూర్చిన సూత్రం లేదు.

అయినను ఈ ఆక్షేపణకు రెండు సమాధానాలు ఉన్నవి.

మొదటిది: సీమ అనగా కక్షలే కాదు. 1999లో వచ్చిన "సమరసింహారెడ్డి", 2002లో వచ్చిన "ఇంద్ర" వంటి చలనచిత్రాల తరువాత వేటకొడవలి, నాటుబాంబు మా ముఖచిత్రాలయినవి. 2003లో "ఒక్కడు" వచ్చిన తరువాత మా కొండారెడ్డి బురుజును చూచినవారికి చరిత్రకంటె పోరాట దృశ్యమే ముందు తలపునకు వస్తున్నది. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి కథకులు ఈ నేలమీది కరువును, రైతును, మనిషి బ్రతుకును గంభీరంగా చిత్రించారు. ఆ గంభీరమయిన సాహిత్యానికి, ఆ అరుపుల చలనచిత్రానికి నడుమ పెద్ద ఖాళీ ఉన్నది. జొన్నరొట్టె తిని, పిల్లలను బడికి పంపి, పక్కింటివారితో నీళ్లకోసం తగవులాడి, సాయంకాలానికి రాజీపడే సామాన్యుల హాస్యం, లౌక్యం, ఆసక్తి, వీటికి చోటు ఇచ్చే నవల కావాలి. నీడపట్టు నవల ఆ చోటు ఇస్తుంది. కల్లూరులో ఒక్క హత్య జరిగి, ఊరు నివ్వెరపోయినదని రాయడమే ఒక ప్రకటన: ఇక్కడ హత్య అసాధారణమయిన విషయమని చెప్పడం.

రెండవ సమాధానం ఇంకా ముఖ్యమయినది. ఈ నవల కడపటి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, పరిశోధకుడు పేరు పెట్టి చెపుతాడు. విన్నవారెవరూ తలుపు తీసికొని పారిపోరు. చెప్పినవాని ఇంటిమీద మరునాడు రాళ్లు పడవు. ఇది అవాస్తవమని చాండ్లర్ పక్షంవారు అనవచ్చును. అవాస్తవమే కావచ్చును, కాని అది ఒక కోరిక. నిజం నలుగురిలో నిర్భయంగా పలుకబడాలని, పలికినవాడు ఆ ఊరిలోనే బ్రతకగలగాలని పాఠకుడు కోరుకొంటాడు. రచ్చకట్ట మీద ఆ మాట పలకడం కష్టమయిన చోట ఆ కోరికకు విలువ తగ్గదు, పెరుగుతుంది. కనుక సీమలో నీడపట్టు నవల రాసే రచయిత ఆంగ్ల నమూనాను అట్లే దింపరాదు. ఇక్కడి చిక్కుముడి "ఎవరు చంపారు" అనేది సగమే. "తెలిసిన అవ్వ చెపుతుందా" అనేది తక్కిన సగం. పరిశోధకుని తెలివి ఎంత ఉన్నా, అవ్వ ధైర్యం లేకుండ కథ ముగియదు. ఇట్టి నవల వస్తే అది అనుకరణ కాదు. ఈ జాతి నవలకే మనము చేర్చిన కొత్త అధ్యాయం.

ఇక ఆడెన్ చెప్పిన శుద్ధిని గూర్చి ఒక్క మాట. హంతకుడు దొరకగానే మిగిలినవారందరూ నిర్దోషులయినారని పుస్తకం మూసివేస్తాము. కాని ఇటువంటి నవలలలో అనుమానితులందరూ ఏదో ఒక రహస్యం దాచినవారే. పాత అప్పు, చాటు ప్రేమ, మరచిపోగోరిన తప్పు, అన్నీ విచారణలో బయటపడతాయి. హత్య చేయని ఆ మనుషులు మరునాటినుండి ఆ వీధిలో ఎట్లు నడవాలి? పట్నంలో ఇల్లు మారవచ్చును. చిన్న ఊరిలో "అప్పుడు వానిమీద కూడ అనుకొన్నారు" అన్న మాట మనుమల పెండ్లి సంబంధాలదాకా వస్తుంది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరకే అనలేదు. సహృదయులయిన పాఠకులు హంతకుని పేరు తెలిసిన తరువాత కూడ ఈ ప్రశ్న అడగాలి.

గ్రంథాలయంలో ఏ బీరువా?

కర్నూలు గడ్డమీద 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోశారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిననాటినుండి ఆ ఉద్యమం కోరినది ఒక్కటే: సామాన్యుడు చదవాలి. సామాన్యుడు చదవడం మొదలుపెట్టగానే "ఇది చదువు, అది చదవకు" అన్న తగవు కూడ మొదలయినది. అపరాధ పరిశోధక నవల బహుకాలం రెండవ జాబితాలోనే ఉన్నది. కాని చదవడం అలవాటు లేనివానిచేత మూడువందల పుటలు చదివించి, ప్రతి మాటకూ అర్థం ఉండవచ్చునని శ్రద్ధ నేర్పి, ఎవరినీ గుడ్డిగా నమ్మవద్దని, ఆధారం లేనిదే ఎవరినీ దూషించవద్దని చెప్పే పుస్తకాన్ని చెడ్డదని ఎట్లు అనగలము? ఊరి గాలికబురు విని క్షణంలో తీర్పు చెప్పేవారికి, తీర్పును కడపటి పుటదాకా ఆపుకొనే అలవాటు మంచి మందే గదా!

కల్లూరు వంటి ఊరినుండి ఆ నవల ఎవరు రాస్తారో చూడవలసి ఉన్నది. ఇంటి దొంగను ఈశ్వరుడయినా పట్టలేడంటారు. ఈశ్వరుడు పట్టలేనివానిని ఇంటిమనిషే పట్టాలి. ఇక్కడి కథను ఇక్కడివారే రాయాలి. రాసిన నాడు, గ్రంథాలయంనుండి దానిని మొదట తీసికొనిపోయే పాఠక మహాశయునికి ఒక్కటే విన్నపం: కడపటి పుటను చింపవద్దు, మొదటి పుట అంచున పెన్సిలుతో హంతకుని పేరు రాయవద్దు. మన తరువాతివాడు కూడ ఊరందరినీ అనుమానించి, చివరకు ఒక్కడు తప్ప అందరూ మంచివారేనని తెలిసికొనే సంతోషానికి హక్కుదారుడే.